పంటి డాక్టర్ నుంచి జనరల్ దాకా: ఆర్మీ డెంటల్ కోర్‌లో ఉద్యోగ జీవితం ఎలా సాగుతుంది?

క్లుప్తంగా: భారత సైన్యంలో పంటి డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక కోర్, అంటే విభాగం, ఉంది. పంటి వైద్యంలో డిగ్రీ అయిన బీడీఎస్ పూర్తి చేసినవారు నీట్ ఎండీఎస్ (పంటి వైద్యంలో పీజీకి జరిగే జాతీయ పరీక్ష) స్కోరు, ఇంటర్వ్యూ, మెడికల్ దాటి కెప్టెన్ హోదాతో అందులో చేరతారు. పైన లెఫ్టినెంట్ జనరల్ దాకా పదవులున్నా, ఖాళీలు చాలా తక్కువ. హోదా పెరిగేకొద్దీ చేతిలో పరికరం పట్టే పని తగ్గి, ఒక దళం మొత్తాన్ని పంటి నొప్పి లేకుండా పంపించే బాధ్యత పెరుగుతుంది. ఇంటింటా ఫౌజీలున్న శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ దారి గురించి తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

తెలిసిన సైన్యం, తెలియని కోర్

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ ఊళ్ళో అడిగినా సైన్యం గురించి చెప్పడానికి ఒకరుంటారు. తెల్లవారుజామున రోడ్ల మీద రన్నింగ్ చేసే కుర్రాళ్ళకు ఈవెంట్స్ ఏమిటో, రాత పరీక్ష ఎలా ఉంటుందో, మెడికల్‌లో ఎక్కడ పోతుందో కంఠతా వచ్చు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి ఉంది కాబట్టి ఆఫీసర్లను తయారు చేసే ఎన్డీఏ అంటే ఏమిటో కూడా ఈ ప్రాంతానికి బాగానే తెలుసు.

అదే సైన్యంలో పంటి డాక్టర్ సంగతి వచ్చేసరికి అంతా అయోమయం. ఎవరైనా పంటి డాక్టర్ బ్రిగేడియర్‌గానో మేజర్ జనరల్‌గానో ప్రమోషన్ పొందారని పేపర్లో వస్తే, పళ్ళు పీకే డాక్టరుకు అంత హోదా ఎందుకన్న ప్రశ్న మొదట వస్తుంది. ఆర్మీ డాక్టరంటే ఎంబీబీఎస్సే అనుకోవడం మరో పొరపాటు. బీడీఎస్ చదివేవారిలోనే కొందరు నీట్ ఎండీఎస్‌ను పీజీ సీటు కోసం రాసే పరీక్షగా మాత్రమే చూస్తారు. సైన్యంలో చేరడానికీ ఆ స్కోరే మొదటి గడప అని వాళ్ళకు ఇంటర్న్‌షిప్ అయిపోయాక గానీ తెలియదు.

నిజానికి సైన్యంలో చేరాలనుకునే ప్రతి కుర్రాడికీ పంటి పరీక్ష తప్పదు. కథ అక్కడి నుంచి మొదలుపెడితేనే ఈ ఉద్యోగం సులువుగా అర్థమవుతుంది.

సెలక్షన్లలో పళ్ళ లెక్క

మెడికల్‌లో పళ్ళకు మార్కులుంటాయి. వాటిని డెంటల్ పాయింట్లు అంటారు. నోట్లో ఎన్ని పళ్ళున్నాయన్నదొక్కటే చూడరు. పై పన్ను కింది పన్నుతో కలిసి పని చేస్తోందా లేదా అన్నది కూడా చూస్తారు. ముందరి పళ్ళు, కోరపళ్ళు, వాటి పక్కనుండే చిన్న దవడ పళ్ళు జతకు 1 పాయింటు చొప్పున వస్తాయి. పెద్ద దవడ పళ్ళకు జతకు 2 పాయింట్లు. జ్ఞానదంతం పూర్తిగా వస్తే దానికీ 2, సగంలో ఆగితే 1. అలా 32 పళ్ళూ సరిగ్గా ఉన్న నోటికి 22 పాయింట్లు వస్తాయి. పాసవడానికి కనీసం 14 కావాలి. దాంతోపాటు ప్రతి దవడలో ముందరి ఆరింటిలో నాలుగు, వెనకటి పదింటిలో ఆరు పని చేసే స్థితిలో ఉండాలి.

పల్లెల్లో ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్నును చాలా ఇళ్ళలో పాలపన్ను అనుకుంటారు. అది పుచ్చి నొప్పి పెడితే, ఎలాగూ ఊడేదే కదా అని పీకించేస్తారు. ఆ పన్ను మళ్ళీ రాదు. కింద ఒక్క పన్ను పోతే పైన దానికి జతగా ఉన్న మంచి పన్ను కూడా లెక్కలోంచి పోతుంది. అంటే పీకింది ఒక్క పన్నే అయినా 2 పాయింట్లు తగ్గుతాయి. రెండు వైపులా అలా రెండేసి పోయిన కుర్రాడు రన్నింగ్‌లో మొదటి వరసలో వచ్చినా మెడికల్‌లో అంచు మీద నిలబడాల్సి వస్తుంది. చిగుళ్ళ నుంచి చీము కారే పయోరియా ముదిరితే నేరుగా రిజెక్ట్ చేస్తారు. పళ్ళు పీకకుండా నయం చేయగల దశలో ఉంటే మాత్రం అవకాశం ఉంటుంది.

ఈ పాయింట్ల పద్ధతి వెనక ఉన్న ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. గట్టి తిండి నమలలేని సైనికుడు బలహీనపడతాడు. నొప్పితో రాత్రంతా నిద్రపోనివాడు మర్నాడు కాపలా కాయలేడు. సైన్యం పంటిని అందం కోసం చూడదు, ఆ మనిషి డ్యూటీకి పనికొస్తాడా లేదా అని చూస్తుంది. ఆ చూపు నుంచే డెంటల్ కోర్ పుట్టింది.

ఒక యుద్ధం నేర్పిన పాఠం

1899 నుంచి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు రాయిలాంటి బిస్కెట్లు, డబ్బా మాంసం పెట్టేవారు. పళ్ళు పాడైన సైనికులు అవి నమలలేక వేల సంఖ్యలో డ్యూటీకి పనికిరాకుండా పోయారు. శత్రువు తూటా తగలకుండానే బలగం తగ్గిపోయింది. అమెరికా 1911లో, బ్రిటన్ 1921లో తమ సైన్యాల్లో ప్రత్యేక డెంటల్ కోర్లు ఏర్పాటు చేసుకున్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం రెండో కారణాన్ని ముందుకు తెచ్చింది. కందకాల్లోంచి తల ఎత్తిన సైనికుడి ముఖానికే తూటాలు తగిలేవి. విరిగిన దవడను సరిగ్గా అతికించడం ఎలాగో మామూలు సర్జన్లకు పెద్ద సమస్య అయింది. ఫ్రాన్స్‌లో చార్లెస్ వాలాడియే అనే పంటి వైద్యుడి పని చూశాకే హెరాల్డ్ గిలీస్ అనే సర్జన్ ముఖ శస్త్రచికిత్స వైపు తిరిగాడు. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి ఆద్యుడిగా చెప్పే గిలీస్ కథ ఒక డెంటిస్టు పక్కన మొదలైందన్న సంగతిని ఇంకాస్త గుర్తు పెట్టుకోవాల్సింది.

మన దేశంలో ఆర్మీ డెంటల్ కోర్ 1941 ఫిబ్రవరి 1న, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా మొదలైంది. డెంటిస్టుల చట్టం 1948లో వచ్చింది. అంటే ఈ వృత్తికి దేశమంతటికీ ఒక చట్టం రాకముందే సైన్యంలో దానికో కోర్ ఉంది.

చేరడం ఎలా

త్రివిధ దళాల వైద్య సేవల్లో మూడు భాగాలున్నాయి: ఆర్మీ మెడికల్ కోర్, ఆర్మీ డెంటల్ కోర్, మిలిటరీ నర్సింగ్ సర్వీస్. పేరులో ఆర్మీ అని ఉన్నా నేవీ, ఎయిర్‌ఫోర్స్ డెంటల్ సెంటర్లలో పని చేసేదీ ఈ డెంటల్ కోర్ వాళ్ళే.

ఇటీవలి ప్రకటనల ప్రకారం చూస్తే బీడీఎస్ చివరి ఏడాదిలో కనీసం 55 శాతం మార్కులు లేదా ఎండీఎస్ ఉండాలి. ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తవాలి, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ ఏడాది నీట్ ఎండీఎస్ రాసి ఉండాలి. వయసు 45 ఏళ్ళు దాటకూడదు. స్కోరును బట్టి ఇంటర్వ్యూకు పిలుస్తారు, ఆ తర్వాత మెడికల్. ఎంపికైనవారు షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ళకే పరిమితమైన ఆఫీసరు ఉద్యోగం) కింద కెప్టెన్‌గా చేరతారు. ఇన్‌ఫంట్రీలో చేరే కుర్ర ఆఫీసరు లెఫ్టినెంట్‌గా మొదలుపెడితే డాక్టర్, డెంటిస్టు ఒక మెట్టు పైన మొదలుపెట్టడానికి కారణం చదువుకు పట్టిన ఏళ్ళు.

షార్ట్ సర్వీస్ మొదట 5 ఏళ్ళు. తర్వాత రెండు విడతలుగా పొడిగిస్తూ మొత్తం 14 ఏళ్ళ దాకా ఉండవచ్చు. ఈ మధ్యలో అర్హత ఉన్నవారు రిటైరయ్యేదాకా ఉండే పర్మనెంట్ కమిషన్‌కు ప్రయత్నించవచ్చు. ఉద్యోగ జీవితం మొత్తంలో అసలు మలుపు ఇదే. పర్మనెంట్ కమిషన్ వచ్చినవారికే పెన్షన్, పై పదవులు అందుబాటులోకి వస్తాయి. రానివారు గ్రాట్యుటీ తీసుకుని, నలభై ఏళ్ళ వయసు దగ్గరపడుతుండగా బయట ప్రాక్టీసు కొత్తగా మొదలుపెట్టాలి. చేరేటప్పుడు ఈ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోని కుటుంబాలు తర్వాత టెన్షన్ పడతాయి.

ఖాళీల సంఖ్య కూడా గుర్తుంచుకోవాలి. ఇటీవలి ప్రకటనలు 30 పోస్టులకు వచ్చాయి. దేశమంతటికీ కలిపి ముప్పై.

యూనిట్‌లో పంటి డాక్టర్ ఏం చేస్తాడు

కొత్త ఆఫీసరు లక్నోలో ప్రాథమిక శిక్షణ పూర్తి చేసుకుని ఏదో ఒక మిలిటరీ డెంటల్ సెంటర్‌కో, ఫీల్డ్ యూనిట్‌కో వెళతారు. మామూలు రోజుల్లో పని బయటి క్లినిక్‌లాగే ఉంటుంది: ఫిల్లింగులు, రూట్ కెనాల్, పళ్ళు శుభ్రం చేయడం, పీకడం. తేడా అంతా ముందుగా చేసే పరీక్షలో ఉంది. బయట రోగి నొప్పి వచ్చాక డాక్టర్ దగ్గరికి వెళతాడు. సైన్యంలో నొప్పి రాకముందే మనిషిని కుర్చీలో కూర్చోబెడతారు.

దీనికి మంచి ఉదాహరణ సియాచిన్. అక్కడి పోస్టుల్లో చాలావాటి ఎత్తు 5,400 మీటర్లకు పైనే. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానికి దాదాపు సగం. పాత ఫిల్లింగు కిందో, పుచ్చిన పంటి లోపలో చిక్కుకున్న గాలి పీడనం తగ్గగానే వ్యాకోచించి నరం మీద ఒత్తుతుంది. కింద ఏ బాధా లేని పన్ను పైకి వెళ్ళాక భరించలేని నొప్పి పెట్టవచ్చు. దీన్ని బారోడాంటాల్జియా అంటారు. అక్కడ డెంటల్ చైర్ ఉండదు. కిందికి తేవాలంటే హెలికాప్టర్ రావాలి, అది రావాలంటే వాతావరణం అనుకూలించాలి. ఒక్క పుచ్చుపన్ను ఒక సైనికుణ్ణి, ఒక హెలికాప్టర్‌ను, దాన్ని నడిపే పైలట్ల ప్రాణాలను ఒకే లెక్కలోకి తెస్తుంది. అందుకే పైకి పంపే ముందే నోరు మొత్తం చూసి, అనుమానం ఉన్న పంటికి చికిత్స పూర్తి చేస్తారు.

యుద్ధ విమానాల పైలట్లకూ, నేవీ డైవర్లకూ ఇదే సూత్రం. డైవర్ విషయంలో అది తిరగబడుతుంది. 10 మీటర్ల లోతుకు వెళితే పీడనం రెట్టింపవుతుంది. సరిగ్గా అతకని క్యాప్ కింద ఖాళీ ఉంటే అక్కడ ఒత్తిడి పడుతుంది. విశాఖ తూర్పు నౌకాదళ స్థావరంలో జలాంతర్గాములు ఉన్నాయి కాబట్టి ఉత్తరాంధ్రకు ఇది దూరపు సంగతేమీ కాదు.

రెండో పెద్ద పని దవడ గాయాలు. కింది దవడ రెండు మూడు చోట్ల విరిగినప్పుడు ముక్కలను మామూలుగా దగ్గరికి చేర్చి అతికిస్తే ఎముక అతుకుతుంది, కానీ పళ్ళు కలవవు. జీవితాంతం నమలడం కష్టమవుతుంది. దంత వైద్యుడు పళ్ళనే కొలతగా తీసుకుంటాడు. పై పళ్ళకూ కింది పళ్ళకూ సన్నటి లోహపు పట్టీలు కట్టి, ఆ మనిషి పళ్ళు అంతకుముందు ఎలా కలిసేవో అలా కలిపి, తీగలతో బిగిస్తాడు. పళ్ళు సరిగ్గా కలిస్తే ఎముక కూడా దాని చోటికి అదే చేరుతుంది. ఆ తర్వాత టైటానియం ప్లేట్లు వేస్తారు, లేదంటే నాలుగు నుంచి ఆరు వారాలు నోరు కట్టేసి ద్రవాహారం మీద ఉంచుతారు. నోరు, దవడ, ముఖం శస్త్రచికిత్స చేసే ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్లకు సైన్యంలో అంత విలువ ఉన్నది ఇందుకే.

మూడోదాన్ని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. విమానం కూలినప్పుడో, పేలుడు జరిగినప్పుడో శరీరం గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే పంటి రికార్డు ఆధారమవుతుంది. శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం పంటి పైపొర ఎనామిల్, మంటల్ని కూడా చాలావరకు తట్టుకుంటుంది. ఎప్పుడో శాంతి కాలంలో ఒక డెంటల్ ఆఫీసరు ఓపికగా నింపిన చార్టు వల్ల ఒక కుటుంబానికి తమ మనిషి తమకు దక్కుతాడు.

స్పెషలిస్టు నుంచి సీనియర్ దాకా

సర్వీసులో ఉండగా ఎంపికైనవారు పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలోనో, ఢిల్లీ కంటోన్మెంట్‌లోని ఆర్మీ డెంటల్ సెంటర్ రీసెర్చ్ అండ్ రిఫరల్‌లోనో ఎండీఎస్ చేస్తారు. చదువుకుంటున్న కాలంలోనూ జీతం వస్తుంది. ప్రైవేటు కాలేజీలో ఎండీఎస్ ఫీజు తెలిసినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత గ్రేడెడ్ స్పెషలిస్టు, కొన్నేళ్ళకు దాని పై మెట్టు అయిన క్లాసిఫైడ్ స్పెషలిస్టు.

మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ హోదాలు సర్వీసు ఏళ్ళను బట్టి వస్తాయి. బ్రిగేడియర్, మేజర్ జనరల్ కావాలంటే సెలక్షన్ బోర్డు దాటాలి, పైన ఖాళీ ఉండాలి. కమాండ్ స్థాయిలో పెద్ద డెంటల్ సెంటర్లు ఉంటాయి, వాటి బాధ్యత సీనియర్ ఆఫీసర్లది. అన్నిటికన్నా పైన ఒకే ఒక్క పదవి, డైరెక్టర్ జనరల్ డెంటల్ సర్వీసెస్. హోదా లెఫ్టినెంట్ జనరల్. ఆయన పైన త్రివిధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్ ఉంటారు.

కల్నల్ దాటాక పని స్వభావమే మారిపోతుంది. ఏ బ్రిగేడ్ ఎప్పుడు ఎత్తు ప్రాంతానికి వెళుతోంది, వెళ్ళేలోపు ఎంతమందికి చికిత్స మిగిలి ఉంది, ఏ సెంటర్‌కు ఏ పరికరం కొనాలి, డెంటల్ హైజీనిస్టులకూ ఆపరేషన్ గది సహాయకులకూ శిక్షణ ఎలా సాగుతోంది, ఇలాంటివే ముందుంటాయి. రోజుకు పది నోళ్ళు చూసిన మనిషి ఇప్పుడు ఒక కమాండ్ మొత్తం నోరు చూడాలి. కుర్చీ పక్కన నిలబడి పని చేయడమే ఇష్టమైనవాళ్ళకు ఈ దశ నచ్చకపోవచ్చు. అందులో తప్పేమీ లేదు. కానీ పళ్ళు పీకే డాక్టరుకు జనరల్ హోదా ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఒక పెద్ద కమాండర్‌తో సమానంగా కూర్చుని, ఈ బెటాలియన్ ఇంకా సిద్ధంగా లేదు అని చెప్పగల హోదా లేకపోతే ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

అమ్మాయిలకు దారి తెరుచుకున్న తీరు

2022 నాటి ప్రకటనలో 30 ఖాళీలుంటే 27 పురుషులకు, 3 మాత్రమే మహిళలకు కేటాయించారు. ఫలితంగా మంచి ర్యాంకు ఉన్న అమ్మాయిలు ఇంటర్వ్యూ దాకా రాలేక, వారికన్నా బాగా కింది ర్యాంకుల అబ్బాయిలు పిలుపు అందుకున్నారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2023లో కోర్టు ఈ విభజనను గట్టిగా తప్పుబట్టింది. ఆ తర్వాత నియామకాలు స్త్రీ పురుష భేదం లేకుండా చేస్తామని కేంద్రం చెప్పింది. బీడీఎస్ తరగతుల్లో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తున్న ఈ రోజుల్లో ఉత్తరాంధ్రకు ఈ మార్పు చాలా ముఖ్యమైనది. 2024 అక్టోబరులో సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్ త్రివిధ దళాల వైద్య సేవలకు మొదటి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. డెంటల్ కోర్ కూడా ఆ పదవి కిందికే వస్తుంది.

ఊళ్ళో క్లినిక్‌తో పోల్చితే

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. ఉత్తరాంధ్ర పిల్లలు ఎక్కువగా విశాఖ, శ్రీకాకుళం చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో చదువుతారు. బయటికి వచ్చాక ఉన్న దారులు రెండు. పెద్ద డాక్టర్ దగ్గర అసిస్టెంటుగా తక్కువ జీతానికి చేరడం, లేదా అప్పు చేసి చైర్, ఎక్స్‌రే కొని సొంత బోర్డు పెట్టడం. చిన్న పట్నంలో రోగి నొప్పి వస్తే పీకించుకుంటాడు గానీ రూట్ కెనాల్, క్యాప్ ఖర్చుకు వెనకాడతాడు. అందుకే మొదటి ఏళ్ళు భారంగా నడుస్తాయి.

సైన్యంలో కెప్టెన్ హోదాలో చేరే డెంటల్ ఆఫీసరుకు ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం రూ.61,300 నుంచి మొదలవుతుంది. మిలిటరీ సర్వీస్ పే రూ.15,500, మూల వేతనంపై 20 శాతం నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్సు, వాటిమీద కరువు భత్యం కలుస్తాయి. దీనికి బదులుగా ఇవ్వాల్సినవి కూడా ఉన్నాయి: సొంత ప్రాక్టీసు చేసుకోకూడదు, రెండు మూడేళ్ళకో బదిలీ, కుటుంబం వెంట రాలేని పోస్టింగులు. అప్పటికే బాగా నడుస్తున్న క్లినిక్ ఉన్నవారికి డబ్బు లెక్కన ఇది లాభం కాకపోవచ్చు. ఇంట్లో పెట్టుబడి లేని కొత్త బీడీఎస్‌కు, ముఖ్యంగా పీజీ ఫీజు కట్టలేనివారికి, ఇంతకన్నా గట్టి అవకాశం ఈ రంగంలో దొరకడం కష్టం. ముప్పై ఖాళీలే ఉన్నాయి కాబట్టి దీన్ని ఒక్కటే నమ్ముకోకుండా, ఎలాగూ రాసే నీట్ ఎండీఎస్‌తో పాటు దరఖాస్తు పెట్టుకోవడం తెలివైన పని.

రిటైరైన కుటుంబాలు, అడ్డపొగ

మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరంలో దాని పాలీక్లినిక్‌లు ఉన్నాయి. వాటిలో డెంటల్ ఆఫీసర్లు, హైజీనిస్టులు కాంట్రాక్టు మీద పని చేస్తారు. రిటైరైన సైనికుడితో పాటు భార్యకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా ఇక్కడ చికిత్స అందుతుంది.

ఆ తల్లుల వల్లే ఈ పాలీక్లినిక్‌లకు ఉత్తరాంధ్రలో వేరే చోట్ల లేని బాధ్యత ఒకటి ఉంది. ఈ తీరంలో పాత తరం ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీలుస్తారు. గాలికి ఆరదు, పని చేస్తున్నా చెయ్యి అడ్డం రాదు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లగా మందమై, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలతాయి. మిగతా ప్రపంచంలో అరుదుగా కనిపించే, అంగిలి ముందరి గట్టి భాగానికి వచ్చే క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. 1960లలో శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్ళు పరీక్షించిన పరిశోధన అంతర్జాతీయ వైద్య పత్రికల్లో అచ్చయింది. నోటి క్యాన్సర్ గురించి చదివేవారికి ఈ జిల్లా పేరు అలా పరిచయమైంది.

పన్ను పీకించుకోవడానికి వచ్చిన అరవై ఏళ్ళ మనిషి అడ్డపొగ సంగతి తనంతట తాను చెప్పదు, సిగ్గుపడుతుంది. డాక్టర్ పంటి దగ్గరే ఆగకుండా అద్దం తిప్పి అంగిలి మొత్తం చూడాలి. తెల్లటి మందంతో పాటు ఎర్రటి మచ్చ గానీ, మానని పుండు గానీ ఉండి రెండు వారాల్లో తగ్గకపోతే బయాప్సీకి పంపాలి. విశాఖలో నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడ ఉండవచ్చు.